ఆవిరియంత్రమునకై వెలసిన సేద్యశాలలు
(విక్టోరియా యుగమునాటి ఆంగ్ల ఆదర్శక్షేత్రముల వాస్తుచరిత్ర)

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని తెలుగువారి సామెత. అట్లే పొలముననున్న కట్టడములను చూచినచో ఆ పొలము యజమాని సంపదయు, అతని నమ్మకములును, అతని కాలమువారి ఆశలును బోధపడును. కోటలకును, దేవాలయములకును, రాజసౌధములకును చరిత్రకారులు గ్రంథములు వ్రాసిరి. పశువులకొట్టములును, ధాన్యపుగాదెలును, కళ్ళములును ఆ గౌరవమునకు అంతగా నోచుకొనలేదు. ఐనను పంతొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు దేశములందు ఆవిరియంత్రమును దృష్టియందుంచుకొని నిర్మింపబడిన ఆదర్శక్షేత్రముల కట్టడములు ఏ రాజసౌధమునకును తీసిపోని చరిత్ర గలవి. వాటిలో శాస్త్రమున్నది, ధనమున్నది, గర్వమున్నది. తుదకు పరాజయమును ఉన్నది. ఆ కట్టడములను నిలిపిన తలంపే సముద్రము దాటి 1865లో చెన్నపట్టణపు చెంతనున్న సైదాపేటకు వచ్చినది గనుక, ఈ కథలో దక్షిణదేశపు రైతునకును పాలు కలదు.

1. చేతినూర్పిడినుండి యంత్రపునూర్పిడికి

ఇంగ్లండు చలిదేశము, వానదేశము. తెలుగునాటివలె ఆరుబయట కళ్ళము చేసి, పశువులచేత తొక్కించి, గాలికి తూర్పారబట్టుటకు అచ్చట వీలులేదు. కావున పంట ఇంటిలోనికి రావలసినదే. పూర్వపు నూర్పిడిశాల పొడవైన పెద్ద కట్టడము. దాని నడుమ ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు, వాటి నడుమ చదునైన నేల. ఆ నేలపై కూలివారు తోలుతో బిగించిన జంటకఱ్ఱలతో వెన్నులను కొట్టి గింజలు రాల్చుచుండిరి. రెండు తలుపులను తెరచినచో వచ్చు గాలికి పొట్టు ఎగిరిపోయెడిది. ఈ పని శీతకాలమంతయు సాగుచుండెను. పొలముపని లేని ఆ నెలలలో పేదకూలికి గంజి దొరకుటకు ఈ నూర్పిడియే ఆధారము.

1786 ప్రాంతమున స్కాట్లండునందు ఆండ్రూ మీకిల్ అను యంత్రనిర్మాత తిరుగుడుపీపాతో వెన్నులను కొట్టు నూర్పిడియంత్రమును నిర్మించెను. మొదట దానిని గుఱ్ఱములు త్రిప్పెడివి. గుఱ్ఱములు గానుగవలె గుండ్రముగా తిరుగుటకు నూర్పిడిశాల గోడనానుకొని గుండ్రని పాకలు వెలసెను. నీటివసతి గలచోట జలచక్రము ఆ పని చేసెను. నేలబొగ్గు గనులకు సమీపముననున్న నార్తంబర్లండు, లోథియన్ సీమలలో పంతొమ్మిదవ శతాబ్ది తొలిపాదముననే ఆవిరియంత్రము కొట్టమునకు వచ్చి చేరెను. ఆ సీమలలో గనులును కర్మాగారములును కూలివారిని ఆకర్షించుటచే కూలి హెచ్చు, బొగ్గు చౌక. ఈ రెండు కారణములును కలిసినచోటనే యంత్రము ముందుగా కుదురుకొనుట గమనింపదగినది.

దక్షిణ ఇంగ్లండునందు పరిస్థితి వేరు. అచ్చట కూలి తక్కువ, కూలివారెక్కువ. శీతకాలపు కూడు లాగుకొనుచున్న నూర్పిడియంత్రముపై వారికి కసి పుట్టెను. 1830లో కెంటు సీమనుండి మొదలై అనేకసీమలలో కూలివారు గుంపులుగా వచ్చి యంత్రములను పగులగొట్టిరి, గడ్డివాములను తగులబెట్టిరి. కెప్టెన్ స్వింగు అను కల్పితనామముతో భూస్వాములకును రైతులకును బెదిరింపు లేఖలు పోయెను. ప్రభుత్వము 19 మందిని ఉరితీసెను. నాలుగువందలకు పైగా జనమును ఆస్ట్రేలియా ఖండమునకు ద్వీపాంతరము పంపెను. తరువాతి కాలమున ఎఱ్ఱయిటుకలతో అందముగా నిలిచిన సేద్యశాలల వెనుక ఈ చీకటి అధ్యాయము కలదని మరువరాదు.

2. కట్టడములకు కారణములు

1846లో బ్రిటిషు పార్లమెంటు ధాన్యపుచట్టములను రద్దుచేసెను. అంతవరకు విదేశపు ధాన్యముపైనున్న సుంకము భూస్వాములను కాపాడుచుండెను. ఆ రక్షణ పోవుటతో తక్కువ ఖర్చున ఎక్కువ పంట తీయనిదే బ్రతుకులేదను భావము కలిగెను. 1849లో జేమ్స్ కేయర్డు ప్రకటించిన చిన్నపుస్తకము, సుంకపురక్షణకు బదులు పెట్టుబడితో కూడిన ఉన్నతసేద్యమే శరణ్యమని వాదించి మిక్కిలి ప్రచారమును పొందెను. ఎరువు హెచ్చు, పశువులు హెచ్చు, మేత హెచ్చు, పంట హెచ్చు — ఇది ఆ ఉన్నతసేద్యపు సూత్రము. పశువులు హెచ్చినచో కొట్టములు కావలెను. మేత కోయుటకును నలుగగొట్టుటకును యంత్రములు కావలెను. ఆ యంత్రములకు ఇల్లు కావలెను.

ధనమునకును దారి ఏర్పడెను. 1846లోనే ప్రభుత్వము పొలముల మురుగునీటి కాలువలకై భూస్వాములకు అప్పులిచ్చు చట్టమును చేసెను. 1849లో ఏర్పడిన భూమి అభివృద్ధి సంఘమొకటి సేద్యపు కట్టడములకు సయితము అప్పులిచ్చెను. ఆ సంఘపు ఇంజనీరగు జాన్ బెయిలీ డెంటన్ ఇంగ్లండులోని సేద్యగృహముల నమూనాలను సమకూర్చి 1863లో గొప్ప గ్రంథమును వెలువరించెను. 1838లో స్థాపింపబడిన ఇంగ్లండు వ్యవసాయసంఘము తన పత్రికలో కట్టడములపై వ్యాసపోటీలు నడపెను. గాజుపై పన్ను 1845లోను, ఇటుకపై పన్ను 1850లోను తొలగెను. వేల్సు పలకరాళ్ళను, నేలబొగ్గును, పోతయినుప స్తంభములను రైలుబండి దేశపు నలుమూలలకు చేర్చెను. ఇట్లు అవసరము, అప్పు, సరకు మూడును ఒక్కమారే కూడుకొనెను.

ఇంగ్లండు పద్ధతిలో నేలయు, దానిపై కట్టడములును భూస్వామివి. పశువులును పనిముట్లును కౌలుదారునివి. కావున గోడలలో బిగించిన ఆవిరియంత్రము సామాన్యముగా భూస్వామి పెట్టుబడి అయ్యెను. ఆ పెట్టుబడిపై వడ్డీని అతడు కౌలులో కలిపి రాబట్టవలెను. ఈ ఏర్పాటులోనే భవిష్యత్తునకు సంబంధించిన చిక్కు దాగియుండెను.

3. కట్టడపు అమరిక

ఈ సేద్యశాలల వాస్తువునకు ప్రాణము అలంకారము కాదు, సరకుల నడక. పంట ఒకవైపున లోనికి వచ్చి, గింజగా, గడ్డిగా, పొట్టుగా విడిపోయి, మేతయై పశువులను చేరి, ఎరువై మరియొకవైపున పొలమునకు పోవలెను. ఈ నడకలో ఏ సరకును వెనుకకు మరలరాదు, రెండుమార్లు ఎత్తరాదు. మాంచెస్టరు నూలుమిల్లులో దూదికి పట్టిన క్రమమే ఇచ్చట గోధుమకు పట్టెను. అందుచేతనే నాటివారు వీటిని సేద్యపు కర్మాగారములని భావించిరి.

సాధారణముగా నూర్పిడిశాల ఉత్తరదిక్కున ఎత్తుగా నిలిచి చలిగాలిని అడ్డగించును. దానినుండి దక్షిణముగా రెక్కలవలె పశువులశాలలు చాచుకొని, వాటి నడుమ ఎండ తగులు దొడ్లు ఏర్పడును. నూర్పిడిశాల వెనుక గడ్డివాముల ప్రాంగణము. నూర్పిడిశాలకు ఆనుకొని యంత్రపుగది, దాని ప్రక్క బాయిలరుగది, బొగ్గుగది, వాటిపై ఎత్తైన పొగగొట్టము. నిప్పురవ్వ గడ్డిపై పడినచో సర్వనాశనము గనుక బాయిలరుగదిని గట్టిగోడతో వేరుచేసెడివారు. పొగగొట్టమును ఇండ్లకప్పులకు మించి పైకెత్తెడివారు.

యంత్రమునుండి బయలుదేరిన పొడవైన ఇనుపయిరుసు నూర్పిడిశాల గోడవెంబడి సాగును. దానిపైనున్న చక్రములనుండి తోలుపట్టాలు దిగి ఒక్కొక్క పనిముట్టును త్రిప్పును. పై అంతస్తున నూర్పిడియంత్రము. అచ్చటనుండి గింజ ధాన్యపుకొట్టునకును, గడ్డి గడ్డికొట్టునకును, పొట్టు వేరొక గదికిని పోవును. క్రింద చొప్ప నరకు యంత్రము, టర్నిప్ దుంపలను తురుము యంత్రము, అవిసెపిండి చెక్కలను పగులగొట్టు యంత్రము, గింజలను విసరు తిరుగలి ఉండును. యంత్రమునుండి వెలువడు ఆవిరిని సయితము వృథాపోనీయక పెద్దతొట్లలో మేతను ఉడికించుటకు వాడిరి. మేతగదినుండి పశువులశాలల నడుమగా ఇనుపపట్టాలు వేసి చిన్నబండ్లపై మేతను తోసెడివారు. దానిచే మేత మోయు శ్రమ తగ్గెను.

పశువులదొడ్డిపై కప్పు వేయవలెనా, వద్దా అను వాదము ఆ కాలమున పెద్దది. సైరెన్‌సెస్టరు వ్యవసాయ కళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడగు అగస్టస్ వోల్కరు 1856లో పశువుల ఎరువుపై తన పరిశోధనలను ప్రకటించెను. ఆరుబయట వానలో నానిన ఎరువునుండి సారము కడుగుకొని పోవుచున్నదనియు, చాటున నుంచినచో నిలుచుననియు అందు తేలెను. కప్పువేసిన దొడ్లకు ఈ శాస్త్రము బలమిచ్చెను. ఎరువునకు ఇల్లు కట్టుట ఈ యుగపు వాస్తువులో ప్రత్యేకలక్షణము.

4. కొన్ని ఉదాహరణములు

విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు యువరాజు విండ్‌సరునందు ఈ పద్ధతిపై క్షేత్రములను నిర్మింపజేసెను. వాటిలో షా క్షేత్రపు కట్టడములను జి. ఎ. డీన్ అను వాస్తుశిల్పి రూపొందించెను. రాజకుటుంబమే పశువులకొట్టమునకు ఇట్టి గౌరవమీయగా ప్రభువర్గమునకు అది ఆదర్శమయ్యెను.

బెర్క్‌షైరు సీమకు చెందియుండి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైరులో చేరిన కోల్‌షిల్ గ్రామమున రాడ్నర్ ప్రభువు క్షేత్రము 1850–60 మధ్యకాలమున వెలసెను. దీనిని రూపొందించినది అతని కార్యనిర్వాహకుడగు ఇ. డబ్ల్యు. మూర్. ఏటవాలు నేలను ఎంచుకొని, పంట పైమెట్టున లోనికి వచ్చునట్లును, మేతగా మారి నడుమమెట్టుకు దిగునట్లును, ఎరువు క్రిందిమెట్టున చేరునట్లును ఏర్పరచెను. యంత్రపుబలమునకు భూమ్యాకర్షణబలమును తోడుచేసిన ఈ ఉపాయము చూడ సామాన్యమైనను ఎంతో వివేకముతో కూడినది. ఈ క్షేత్రము నేషనల్ ట్రస్టు సంరక్షణలోనికి వచ్చినది.

వేల్సునందు వెల్ష్‌పూలు పట్టణము చెంత లేటన్ క్షేత్రమును లివర్‌పూలు బ్యాంకుయజమాని జాన్ నేలర్ నిర్మించెను. అచ్చట పశువుల మూత్రమును ద్రవపు ఎరువును గొట్టములద్వారా కొండపైనున్న తొట్టికి చేర్చి, అచ్చటినుండి పొలములకు పారించిరి. కొండపైకి త్రాటితో లాగబడు బండిమార్గమును ఉండెను. సోమర్‌సెట్ సీమలో ఈస్ట్ హార్ప్‌ట్రీ చెంతనున్న ఈస్టువుడ్ క్షేత్రము 1858 ప్రాంతమున రాబర్టు స్మిత్ రచన. దాని దొడ్లన్నింటిపైనను ఒకే విశాలమైన కప్పు కలదు. యంత్రములను త్రిప్పినది మాత్రము జలచక్రము. అమరిక అంతయు ఆవిరికై కనిపెట్టినదే. నీరు చేరువనున్నచోట బొగ్గు ఖర్చు మానుకొనుట లోకజ్ఞానము.

వీరందరికంటె జనుల నోట నానినవాడు జాన్ జోసెఫ్ మెకీ. క్షౌరపుకత్తులను పదునుపెట్టు తోలుపట్టీలు లండనులో అమ్మి ధనము గడించిన ఈతడు 1841లో ఎస్సెక్సు సీమలో టిప్‌ట్రీ గ్రామమున సారములేని భూమిని కొనెను. మురుగుకాలువలు త్రవ్వించెను, ఆవిరియంత్రమును నిలిపెను, పలుచని ఎరువును ఇనుపగొట్టములలో పొలమంతటికి పంపెను. సేద్యములో లాభము పొందుటెట్లో బోధించు పుస్తకములను వ్రాసెను. దూరదేశములనుండి జనులు వచ్చి చూచి పోవుచుండిరి. ఐనను వరుసగా వచ్చిన దుర్భరసంవత్సరములును, ఇతరవ్యాపారనష్టములును అతనిని క్రుంగదీసెను. 1880 డిసెంబరులో అతని ఆస్తి వ్యవహారములు అప్పులవారి పాలైన కొలదిదినములకే అతడు మరణించెను.

5. యంత్రము ఇల్లు విడిచిపోవుట

ఈ కట్టడముల భవితవ్యమును మార్చినది వాటికి ప్రాణమైన ఆవిరియంత్రమే. 1841లో లివర్‌పూలు ప్రదర్శనమున ఇప్స్‌విచ్ పట్టణపు రాన్‌సమ్ సంస్థవారు చక్రములపై నిలిచి కదలగల ఆవిరియంత్రమును చూపిరి. కొలదికాలమునకే లింకను పట్టణపు క్లేటన్, షటిల్‌వర్త్ సంస్థ మొదలగువారు అట్టి యంత్రములను విరివిగా తయారుచేసిరి. గుఱ్ఱములు దానిని గడ్డివామి దగ్గరకే లాగుకొనిపోవును. నూర్పిడి అచ్చటనే ముగియును. అద్దెకు యంత్రమును త్రిప్పువారు ఊరూరికి పోవుచు ఒక్క యంత్రముతో అనేకరైతుల పంట నూర్చిరి. కౌలుదారునకు భూస్వామి గోడలలోని యంత్రముతో పనిలేకపోయెను. 1858లో జాన్ ఫౌలర్ ఆవిరినాగలికి వ్యవసాయసంఘము వారి 500 పౌనుల బహుమానమును గెలిచెను. యంత్రము నూర్పిడిశాలను దాటి పొలములోనికే నడచెను.

అనగా కోటిఆశలతో కట్టిన శాలలు కొన్ని ముగియునప్పటికే పాతబడెను. యంత్రము పదియేండ్లకొకమారు మారును. ఇటుకగోడ నూరేండ్లు నిలుచును. మారుదానికై మారనిదానిని కట్టుటలోని కష్టము ఇది. మేత నరకుట, దుంపలు తురుముట వంటి పనులకు మాత్రము స్థిరయంత్రము మరికొంతకాలము ఉపయోగపడెను.

1870 తరువాతి దశాబ్దమున రెండవదెబ్బ తగిలెను. అమెరికా మైదానములనుండి రైళ్ళపైనను ఓడలపైనను చౌకగోధుమ వచ్చిపడెను. 1879లో ఎడతెగని వానలు పంటను పాడుచేసెను. 1877లో క్వార్టరు గోధుమ సగటున 56 షిల్లింగుల 9 పెన్నీలు పలుకగా, 1894లో 22 షిల్లింగుల 10 పెన్నీలకు దిగెను. కౌలు తగ్గెను, అప్పులు తగ్గలేదు.

కోల్‌షిల్‌కు పొరుగుననే ఉన్న బస్కటు క్షేత్రచరిత్ర ఇందుకు తార్కాణము. ఆస్ట్రేలియాలో ధనము గడించిన రాబర్టు టెర్టియస్ క్యాంబెల్ 1859లో దానిని కొనెను. చిన్నరైలుమార్గము, నీటిపారుదల, కాంక్రీటు కట్టడములు, ఆవిరినాగళ్లు, చక్కెరదుంపలనుండి సారాయి తీయు కర్మాగారము అచ్చట ఏర్పడెను. కూలివారికి దినమునకు తొమ్మిదిగంటల పని అను నియమమును అతడు పెట్టెను. సారాయి కర్మాగారము 1879లో మూతపడెను. 1887లో అతడు అప్పులమధ్య మరణించెను, క్షేత్రము ఇతరులపాలయ్యెను.

6. సైదాపేట పరీక్ష

ఈ ఉత్సాహము అత్యున్నతస్థితిలోనున్న దినములలో చెన్నరాష్ట్రపు గవర్నరుగా నుండినవాడు సర్ విలియం డెనిసన్ (1861–1866). ఆవిరినాగళ్లు, విత్తుయంత్రములు, నూర్పిడియంత్రములు, చొప్ప నరకు యంత్రములు, నీరుతోడు సాధనములు ఇంగ్లండునుండి తెప్పింపబడెను. వాటిని పరీక్షించుటకై 1865లో సైదాపేటలో పరీక్షాక్షేత్రము వెలసెను. చెన్నరాష్ట్రమనగా నాడు కృష్ణా, గోదావరి, నెల్లూరు, కడప సీమలును అందులోనివే.

అచ్చట తేలిన సత్యమేమనగా, యంత్రముతోపాటు యంత్రమును పోషించు దేశకాలపరిస్థితులను ఓడలో తీసికొనిరాజాలరని. నార్తంబర్లండునందు బొగ్గు ఇంటిచెంతనుండెను, సైదాపేటలో లేదు. ఇంగ్లండు పొలము విశాలము. ఇచ్చటి కమతము చిన్నది, గట్లతో విభజింపబడినది. అచ్చట ఇరుసు విరిగినచో పొరుగూరి కమ్మరి బాగుచేయును. ఇచ్చట సముద్రముపైనుండి మరియొకటి రావలెను. అచ్చట కూలి హెచ్చు, ఇచ్చట చౌక. నూర్పిడి ఆరుబయలు కళ్ళములో సుఖముగా జరుగుచోట నూర్పిడిశాలతో పనియేమి? సామాన్యరైతునకు ఆ భారీయంత్రములు అందని పండ్లుగనే నిలిచెను. ఐనను సైదాపేట వృథాపోలేదు. 1876లో అచ్చట వ్యవసాయపాఠశాల నడక సాగించెను. ఈ విద్య 1906 ప్రాంతమున కోయంబత్తూరునకు తరలి పెద్దకళాశాలగా వర్ధిల్లెను. 1945లో బాపట్లలో కళాశాల ఏర్పడువరకును చెన్నరాష్ట్రపు తెలుగువిద్యార్థులకు కోయంబత్తూరే వ్యవసాయవిద్యాపీఠము.

ఎరువునకు కప్పు కావలెనని తేల్చిన అగస్టస్ వోల్కరు కుమారుడగు జాన్ అగస్టస్ వోల్కరు 1889లో ప్రభుత్వముచే పంపబడి భారతదేశమునకు వచ్చి ఏడాదికి పైగా తిరిగెను. 1893లో వెలువడిన అతని నివేదిక, భారతరైతు అజ్ఞాని అను మాటను త్రోసిపుచ్చెను. ఇచ్చటి రైతు సగటు ఆంగ్లరైతునకు తీసిపోడనియు, అతనికి కొఱతపడినవి తెలివితేటలు కాక వసతులనియు చెప్పెను. పేడ పొలమునకు పోక పొయ్యిలోనికి పోవుటకు వంటచెఱకు లేమియే కారణమని గుర్తించి, వంటచెఱకునకై వనములు పెంచవలెనని సూచించెను. తండ్రి ఇంగ్లండులో ఎరువునకు ఇల్లు కట్టించినాడు. కుమారుడు భారతదేశములో ఆ ఎరువు నిలుచుటకు చెట్టు నాటుమన్నాడు. శాస్త్రము ఒక్కటే, దేశమునుబట్టి ఉపాయము వేరు.

ఈ సందర్భమున మరియొకరు స్మరణీయులు. కోల్‌షిల్ శాలలు లేచిన దశాబ్దముననే, 1852లో, ధవళేశ్వరమున గోదావరి ఆనకట్టను ముగించిన సర్ ఆర్థర్ కాటన్ వార్ధక్యమున ఇంగ్లండులోని డోర్కింగునందు నివసించుచు, చిన్నచిన్న మడులలో లోతుగా త్రవ్వి గోధుమ పెంచి పరీక్షలు చేసెను. మహాయంత్రముల దేశమున ఆ వృద్ధుడు ఎంచుకొన్నది చేతిసేద్యము.

నేడు ఆ ఆదర్శక్షేత్రములలో కొన్ని రక్షితకట్టడములైనవి. కొన్ని నివాసములుగా, పనిశాలలుగా మారినవి. నార్తంబర్లండు పొలముల నడుమ పొగలేని పొగగొట్టములు ఇప్పటికిని కొన్ని నిలిచియున్నవి. వాటిని కేవలము ధనికుల విలాసములని త్రోసివేయుట న్యాయము కాదు. సరకు వెనుకకు మరలరాదనియు, ఎరువు వానపాలు కారాదనియు, పశువునకు పొడినేలయు మంచిగాలియు కావలెననియు అవి నేర్పిన పాఠములు చెడలేదు. చెడినది ఒక్కటే: యంత్రము శాశ్వతమని నమ్మి దాని చుట్టును గోడ కట్టుట. ఒకదేశమునుండి మరియొకదేశమునకు వలసపోయి తరతరములుగా వేరూనినవారికి ఈ సత్యము క్రొత్తది కాదు. వెంట తెచ్చుకొన్న విత్తనములలో క్రొత్తనేల అంగీకరించినవే మొలకెత్తును. తక్కినవాటికై ఎంత గొప్ప గాదె కట్టినను అది వట్టి గోడలుగనే మిగులును.